అక్కడ నడిచింది, ఇక్కడెందుకు నడవదు? – గ్రేస్ హాపర్ జీవిత కథ



మేము పనిచేసిన ఒక బడిలో జరిగిన సంగతితో ఈ వ్యాసం మొదలుపెడతాం. వేసవి సెలవుల తరువాత పదకొండో తరగతిలో ఒక అబ్బాయి కొత్తగా చేరాడు. వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది. పాత ఊళ్లో ఉన్నప్పుడు ఇంటి కంప్యూటర్ మీద వారం రోజులు కూర్చుని, రైలు టికెట్టు ధర లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం ఒకటి పైథాన్‌లో రాసుకున్నాడు. ఇంట్లో అది చక్కగా నడిచింది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఎంతో ఉత్సాహంగా కొత్త బడి ల్యాబ్‌కు తెచ్చాడు. ల్యాబ్‌లో నడపబోతే నడవలేదు. వాక్య నిర్మాణంలో తప్పుందని తెర మీద ఎర్రటి అక్షరాలు కనిపించాయి.

ఆ రోజు కంప్యూటర్ మాస్టారు సెలవులో ఉన్నారు. అరేంజ్‌మెంట్ పీరియడ్‌కు తెలుగు చెప్పే మేమే వెళ్లాం. అబ్బాయి ఒక వరుస చెరిపి మళ్లీ రాశాడు. ఇంకో వరుస మార్చాడు. బాగున్న వరుసలు కూడా తీసేశాడు. గంట కొట్టేసరికి వారం రోజుల పని చెడిపోయింది. పక్కవాళ్లు నవ్వారు. ఇక కంప్యూటర్ సైన్స్ వద్దు, వేరే సబ్జెక్టు తీసుకుంటానని వాడు మెల్లగా అన్నాడు.

మర్నాడు మాస్టారు వచ్చి ప్రోగ్రాం వైపు చూడకుండానే ఒక్క ప్రశ్న అడిగారు. ఇంట్లో ఉన్న పైథాన్ ఏ వెర్షన్ అని. ఇంట్లో 3.10. ల్యాబ్‌లో ఉన్నది అంతకన్నా పాతది. అబ్బాయి వాడిన మ్యాచ్ అనే వాక్యం పైథాన్‌లోకి 2021లో వచ్చిన 3.10 తోనే వచ్చింది. పాత పైథాన్‌కు ఆ వాక్యమే తెలియదు. తెలియని మాటను అది తప్పు మాట అంది. అబ్బాయి తప్పు రాయలేదు, ల్యాబ్ కంప్యూటర్ కూడా చెడిపోలేదు. రాసినచోట ఉన్న పనిముట్టు, నడిపినచోట ఉన్న పనిముట్టు ఒకటి కావు. అంతే.

ఈ చిక్కు ఈనాటిది కాదు. కంప్యూటర్లు పుట్టిన నాటి నుంచీ ఉంది. ఒకచోట రాసింది ఇంకోచోట ఎందుకు నడవదు, నడవాలంటే ఏం చేయాలి అన్న ప్రశ్నతో జీవితంలో సగానికి పైగా గడిపిన ఒక మహిళ కథ ఈసారి మీకు చెప్పాలనుకున్నాం. ఆవిడ పేరు గ్రేస్ హాపర్.

ఏడు గడియారాలు

గ్రేస్ బ్రూస్టర్ మర్రే 1906 డిసెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో పుట్టారు. తండ్రిది బీమా వ్యాపారం. తల్లికి లెక్కలంటే ఇష్టం. ఆ కాలంలో ఆడపిల్లలకు పెద్ద చదువులెందుకు అనేవాళ్లు అక్కడా ఉండేవారు. కానీ గ్రేస్ తండ్రి మాత్రం కూతుళ్లకు కూడా కొడుకుతో సమానంగా చదువు చెప్పించాలనుకున్నారు. తల్లి వైపు ముత్తాత అమెరికా నౌకాదళంలో రియర్ అడ్మిరల్‌గా పనిచేశారు. ఆ సంగతి తరువాత మళ్లీ గుర్తుకు వస్తుంది, మనసులో ఉంచుకోండి.

గ్రేస్‌కు ఏడేళ్లప్పుడు అలారం గడియారం ఎలా మోగుతుందో తెలుసుకోవాలనిపించింది. ఒక గడియారం విప్పారు. మళ్లీ బిగించడం తెలియలేదు. ఎలా ఉండేదో చూసి బిగిద్దామని ఇంకోటి విప్పారు. అలా ఇంట్లో ఉన్న ఏడు గడియారాలూ విప్పేశారు! తల్లి గమనించి, కోప్పడకుండా, ఇకపై ఒక్క గడియారం మాత్రమే విప్పుకోవచ్చని హద్దు పెట్టారట. సరిగా పనిచేసేదాన్ని పక్కన పెట్టుకుని చెడినదాన్ని పోల్చి చూడాలన్న ఆలోచన ఆ పసి వయసులోనే ఉందని మనకు తెలుస్తుంది. హద్దు ఎందుకు ఉండాలో ఆ తల్లికి కూడా తెలుసు. ఒకేసారి అన్నీ విప్పేస్తే ఏ భాగం దేనిదో తెలియదు కదా.

పదహారేళ్లకు వాసర్ కళాశాలకు దరఖాస్తు పెట్టుకుంటే సీటు రాలేదు. లాటిన్ భాషలో మార్కులు చాలలేదు. లెక్కలు బాగా వచ్చు కదా, భాషతో ఏం పని అనుకునే మీలో కొందరికి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాం! మరుసటి ఏడాది మళ్లీ ప్రయత్నించి చేరారు. 1928లో గణితం, భౌతికశాస్త్రాలతో పట్టా పుచ్చుకున్నారు. యేల్ విశ్వవిద్యాలయంలో 1930లో ఎం.ఎ., 1934లో గణితంలో డాక్టరేటు పూర్తి చేశారు. 1930లోనే విన్సెంట్ హాపర్‌ను పెళ్లి చేసుకుని గ్రేస్ హాపర్ అయ్యారు. ఆ వివాహం 1945లో విడిపోయినా ఆ పేరు ఆమెతోనే ఉండిపోయింది.

1931 నుంచి వాసర్ కళాశాలలోనే గణితం బోధించారు. ఆమె పాఠాల్లో ఒక విశేషం ఉంది. లెక్కల తరగతిలో పిల్లల చేత వ్యాసాలు రాయించి, భాష బాగా లేకపోతే దిద్దేవారు. ఇది లెక్కల తరగతా, ఇంగ్లీషు తరగతా అని విద్యార్థులు గొణిగేవారట. నేర్చుకున్న లెక్క ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే దాని వల్ల ఉపయోగం లేదని ఆమె అభిప్రాయం. తరువాతి రోజుల్లో ఆమె చేసిన పని మొత్తానికి ఈ అభిప్రాయమే పునాది.

ఓడ మీదికి కాదు, యంత్రం దగ్గరికి

1941 డిసెంబరులో అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది. గ్రేస్ నౌకాదళంలో చేరాలనుకున్నారు. వయసు ఎక్కువన్నారు. ఉండవలసిన బరువు కన్నా దాదాపు 7 కిలోలు తక్కువన్నారు. గణితం ప్రొఫెసర్ బయట ఉంటేనే దేశానికి ఎక్కువ ఉపయోగమన్నారు. ఆమె పట్టు విడవలేదు. ప్రత్యేక అనుమతి తెచ్చుకుని 1943 డిసెంబరులో నౌకాదళ రిజర్వులో చేరారు. శిక్షణలో తన బ్యాచిలో మొదటి స్థానంలో నిలిచి 1944లో లెఫ్టినెంట్ అయ్యారు.

ముత్తాతలా ఓడ మీద పోస్టింగ్ వస్తుందనుకుంటే, హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి పంపారు. అక్కడ హోవార్డ్ ఐకెన్ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో మార్క్ 1 అనే లెక్కల యంత్రం ఉంది. దాని పొడవు సుమారు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు. మన తరగతి గదిలో పట్టదు. సెకనుకు మూడు కూడికలు చేసేది. ఒక్క గుణకారానికి ఆరు సెకన్లు పట్టేది. మీ జేబులోని ఫోనుతో పోలిస్తే నత్తనడక. కానీ మనుషులు నెలల తరబడి చేసే లెక్కలను అది రోజుల్లో తేల్చేది. ఫిరంగుల గురికి కావలసిన పట్టికల వంటివి నౌకాదళానికి దాని మీదే తయారయ్యేవి.

ఆ యంత్రానికి ఏం చేయాలో చెప్పడానికి కాగితపు టేపు మీద రంధ్రాలు పొడిచేవారు. ఒక్క రంధ్రం తప్పినా లెక్క తప్పేది. గ్రేస్, ఆమెతో పనిచేసిన రిచర్డ్ బ్లాక్, రాబర్ట్ క్యాంప్‌బెల్ ప్రపంచంలోని తొలి ప్రోగ్రామర్లలో ఉన్నారు. మార్క్ 1 ఎలా పనిచేస్తుందో వివరించే అయిదు వందల పేజీలకు పైగా ఉన్న పుస్తకాన్ని రాసే బాధ్యత ఐకెన్ గ్రేస్‌కే అప్పగించారు. అది 1946లో అచ్చయింది.

ఇక్కడ మీలో చాలామంది విన్న పురుగు కథ చెప్పాలి. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌లోని మార్క్ 2 యంత్రం సరిగా పనిచేయలేదు. వెతికితే ఒక రిలేలో దీపాల చుట్టూ తిరిగే రెక్కల పురుగు ఇరుక్కుని కనిపించింది. దాన్ని తీసి, లాగ్ పుస్తకంలో టేపుతో అంటించి, నిజంగానే పురుగు దొరికిందని సరదాగా రాసిపెట్టారు. ఆ పుస్తకం ఇప్పటికీ అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. కంప్యూటర్ తప్పును బగ్ అనడం గ్రేస్‌తోనే మొదలైందని చాలా పుస్తకాల్లో ఉంటుంది. అది నిజం కాదు. యంత్రాల్లోని లోపాన్ని బగ్ అనడం అంతకు ఎన్నో ఏళ్ల ముందు, ఎడిసన్ కాలంలోనే ఉంది. ఆ పురుగును పట్టింది కూడా గ్రేస్ కాదు, ఆమె సహోద్యోగులు. ఆమె ఆ కథను అందరికీ చెప్పి ప్రచారం చేశారు. మనం ఈ కథ నుంచి నేర్చుకోవలసింది ఇంకొకటుంది. ఆ రోజు ఏ సమయానికి ఏం జరిగింది, ఏ రిలేలో లోపం దొరికింది అని వాళ్లు రాసిపెట్టుకున్నారు. రాసిపెట్టుకున్నారు కాబట్టే ఇన్నేళ్ల తరువాత ఆ సంగతి మనకు తెలిసింది.

ఎనిమిదితో లెక్క, పదితో లెక్క

యుద్ధం ముగిసింది. నౌకాదళంలో పూర్తికాలపు ఉద్యోగం అడిగితే వయసు మించిందని ఇవ్వలేదు. రిజర్వులో మాత్రం ఉండనిచ్చారు. వాసర్ కళాశాల వాళ్లు ప్రొఫెసర్ పదవి ఇస్తామని పిలిచారు. ఆమె యంత్రాలను వదల్లేక హార్వర్డ్‌లోనే ఉండిపోయారు. కానీ అక్కడ కూడా శాశ్వతమైన చోటు దొరకలేదు. 1949లో, నలభై రెండేళ్ల వయసులో, చేతిలో ఉన్న ఊరూ ఉద్యోగమూ వదులుకుని ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ అనే చిన్న కంపెనీలో చేరారు. అవి ఆమెకు మానసికంగా చాలా కష్టమైన రోజులు. కొత్త ఊరు, కొత్త మనుషులు, అంతా మళ్లీ మొదటి నుంచి. ఈ మాటకు అర్థం మీకు మేము వివరించనక్కర్లేదు.

ఆ కంపెనీ తయారు చేసిన బైనాక్ అనే యంత్రంతో పనిచేయాలంటే ఎనిమిది అంకెల పద్ధతిలో లెక్కలు చేయాలి. అంటే 0 నుంచి 7 వరకే అంకెలు. ఏడు తరువాత ఎనిమిదిని 10 అని రాయాలి. పగలంతా ఆ లెక్కల్లో మునిగి ఉండే గ్రేస్‌కు బ్యాంకు చెక్కు పుస్తకంలో లెక్క ఎంతకీ కుదరలేదట. బ్యాంకులో పనిచేసే తమ్ముడు కూర్చుని చూస్తే, ఆమె అక్కడక్కడ ఎనిమిది పద్ధతిలో తీసివేతలు చేసినట్టు బయటపడింది. మీరూ చేసి చూడండి. 12 లోంచి 5 తీసేస్తే మనకు 7. ఎనిమిది పద్ధతిలో 12 అంటే మన పది. అందులోంచి 5 తీస్తే 5 మిగులుతుంది. రెండూ సరైన లెక్కలే. కానీ ఒకే కాగితం మీద రెండూ కలిస్తే ఖాతా తేడా వస్తుంది. పైథాన్ అబ్బాయి కథా ఇదే కదా!

యంత్రానికే చెబుదాం

ఆ రోజుల్లో ప్రోగ్రామర్ల దగ్గర నోటు పుస్తకాలుండేవి. ఒకసారి సరిగా పనిచేసిన చిన్న చిన్న భాగాలను వాటిలో దాచుకునేవారు. కొత్త ప్రోగ్రాంలో అదే పని పడితే, పక్కవాళ్ల పుస్తకం అడిగి ఎత్తి రాసుకునేవారు. చిక్కంతా అక్కడే వచ్చేది. చేతిరాతలో బి అక్షరం 13లా కనబడేది. పైగా ఆ భాగం యంత్రం జ్ఞాపకంలో ఏ గది నుంచి మొదలవుతుందో చూసుకుని, అందులోని ప్రతి గది సంఖ్యకూ ఆ మొదటి సంఖ్యను కలపాలి. ఎత్తి రాయడంలో తప్పులు, కలపడంలో తప్పులు. పుస్తకంలో ఉన్నంతసేపూ సరిగ్గా ఉన్నది, కొత్తచోటికి మారేసరికి చెడిపోయేది.

గ్రేస్ ఇలా ఆలోచించారు. ఎత్తి రాయడం, కూడటం మనుషులకు విసుగు పుట్టించే పనులు. యంత్రానికి అవే బాగా వచ్చు. మరి ఆ పని యంత్రానికే ఎందుకు ఇవ్వకూడదు? సరిచూసిన భాగాలన్నీ ఒక టేపు మీద ఉంచి, ఒక్కోదానికి ఒక సంఖ్య ఇచ్చారు. ఏ భాగాలు ఏ వరుసలో కావాలో చెబితే, యంత్రమే వాటిని వెతికి తెచ్చి, గది సంఖ్యలు సరిచేసి, ఒక్క ప్రోగ్రాంగా కూర్చేది. 1951, 1952 సంవత్సరాల్లో యూనివాక్ యంత్రం కోసం ఆమె తయారు చేసిన దీనికి ఎ-0 అని పేరు. కూర్చేది కాబట్టి దాన్ని కంపైలర్ అన్నారు. నేటి కంపైలర్లు చేసే పనిలో అది కొంత భాగమే చేసేది. ఇప్పుడు లింకర్ అంటున్నామే, దానికి దగ్గర. అయినా ప్రోగ్రాం రాయడానికి ప్రోగ్రాంనే వాడుకోవచ్చని చూపించిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి.

తయారైతే చేశారు గానీ, చాలాకాలం దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కంప్యూటర్ లెక్కలు చేస్తుందే తప్ప ప్రోగ్రాంలు రాయదని ఆమెకే నచ్చజెప్పబోయారు. ఆమె వాదన పెట్టుకోలేదు. నడిపి చూపించారు.

తరువాతి మెట్టు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. లెక్కల గుర్తులంటే భయపడే వ్యాపారస్తులు, గుమాస్తాలు కూడా కంప్యూటర్‌కు పని చెప్పగలగాలంటే మామూలు మాటలతో చెప్పే వీలుండాలి. ఆ ఆలోచనతో ఆమె బృందం 1950ల మధ్యలో ఇంగ్లీషు మాటలతో రాసే ఫ్లో-మ్యాటిక్ అనే భాషను మొదలుపెట్టింది. పై అధికారుల ముందు ప్రదర్శన ఇచ్చేటప్పుడు, అదే ప్రోగ్రాంను ఫ్రెంచి మాటలతోనూ జర్మన్ మాటలతోనూ నడిపి చూపించారట. యంత్రానికి ఏ భాషైనా గుర్తుల వరుసే కదా, మాటలు మారిస్తే చాలు. అధికారులు ఆ మాట అర్థం చేసుకోకపోగా కంగారుపడ్డారు. అమెరికాలో తయారైన యంత్రానికి ఫ్రెంచి, జర్మన్ ఎలా వస్తాయని! ఇంగ్లీషు తప్ప వేరే భాష పెట్టబోమని వాళ్లను నమ్మించడానికి నెలలు పట్టిందని గ్రేస్ తరువాత చెబుతుండేవారు. తెలుగు పాఠం చెప్పే మాకు ఈ ఘట్టం చాలా ఇష్టం.

పేరు ఒకటే, తీరు వేరు

1950ల చివరికి కంపెనీలు పెరిగాయి. ఒక్కో కంపెనీ యంత్రానికి ఒక్కో భాష. ఒక కంపెనీ కంప్యూటర్ మీద జీతాల లెక్క రాయించుకున్న కార్యాలయం, ఇంకో కంపెనీ కంప్యూటర్ కొంటే అంతా మళ్లీ మొదటి నుంచి రాయించుకోవాలి. డబ్బూ కాలమూ వృథా. మేరీ హాస్ అనే ప్రోగ్రామర్ అందరికీ కలిపి ఒకే వ్యాపార భాష ఉండాలని ప్రతిపాదించారు. 1959 మే నెలలో అమెరికా రక్షణ శాఖ కార్యాలయమైన పెంటగాన్‌లో సమావేశం జరిగింది. అక్కడ మొదలైన పని నుంచి పుట్టినదే కోబాల్ భాష. దాన్ని రూపొందించిన సంఘంలో జీన్ సామెట్ వంటి ఎందరో ఉన్నారు. గ్రేస్ సాంకేతిక సలహాదారు. ఆమె ఫ్లో-మ్యాటిక్ దానికి ముఖ్యమైన ఆధారం. కాబట్టి కోబాల్‌ను ఆమె ఒక్కరే కనిపెట్టారనడం సరికాదు, ఆమె లేకుండా అది ఆ రూపంలో వచ్చేది కాదనడం సరైనది.

1960 డిసెంబరు 6, 7 తేదీల్లో ఒక పరీక్ష జరిగింది. దాదాపు ఒకే కోబాల్ ప్రోగ్రాంను ఆర్.సి.ఎ. కంపెనీ కంప్యూటర్ మీద, రెమింగ్టన్ రాండ్ వారి యూనివాక్ మీద నడిపారు. స్వల్పమైన మార్పులతో రెండింటి మీదా నడిచింది. ఒకచోట రాసింది ఇంకోచోట నడవగలదని తేలింది.

కథ ఇక్కడితో సుఖాంతం కావలసింది. కాలేదు. భాష ఒకటే అయినా దాన్ని యంత్రానికి అర్థం చేయించే కంపైలర్‌ను ఏ కంపెనీకి ఆ కంపెనీ తయారు చేసుకుంది. ఒకరు కొన్ని వాక్యాలు వదిలేశారు. ఒకరు సొంతంగా కొత్తవి చేర్చారు. ఒకరు అదే వాక్యానికి కాస్త వేరే అర్థం తీసుకున్నారు. మన భాషలోనే చూడండి, ఒకే కూరగాయను ఒకచోట సొరకాయ అంటారు, ఇంకోచోట ఆనపకాయ అంటారు. మనుషులం కాబట్టి అడిగి తెలుసుకుంటాం. యంత్రం అడగదు, తప్పు అని ఆగిపోతుంది. పూర్వం ఒక ఊరి కుంచం ఇంకో ఊరి కుంచంతో సరిపోయేది కాదని పెద్దలు చెబుతారు కదా. అన్నీ కుంచాలే, కొలత మాత్రం వేరు. కోబాల్ పరిస్థితి అలా తయారైంది.

పదవీ విరమణ తరువాత వచ్చిన ఉత్తర్వు

1966 చివరలో గ్రేస్‌కు నౌకాదళ రిజర్వు నుంచి పదవీ విరమణ ఇచ్చారు. అరవై ఏళ్లు నిండాయి. ఎంతో బాధపడ్డారు. ఏడు నెలలు తిరిగేసరికి, 1967 ఆగస్టులో, నౌకాదళమే మళ్లీ పిలిచింది. వాళ్ల కార్యాలయాల్లో రకరకాల కంపెనీల కంప్యూటర్లు, రకరకాల కోబాల్‌లు. ఒకచోటి ప్రోగ్రాం మరోచోట నడవక తల పట్టుకున్నారు. ఆరు నెలలు వచ్చి సరిచేసి వెళ్లమన్నారు. ఆ ఆరు నెలలు పంతొమ్మిదేళ్లయ్యాయి!

ఆమె చేసిన పని విధానం గమనించండి. ప్రోగ్రాంలను ఒక్కొక్కటిగా బాగు చేస్తూ కూర్చోలేదు. తన బృందంతో కలిసి పరీక్షా ప్రోగ్రాంలు తయారు చేయించారు. కోబాల్‌లోని ఒక్కో అంశానికి ఒక్కో చిన్న పరీక్ష. సరైన జవాబు ఏమిటో ముందే తెలుసు. వాటిని ఒక కంపైలర్ మీద నడిపితే, ఏ అంశం ప్రమాణం ప్రకారం ఉంది, ఏది లేదు అని వరుసగా తేలిపోతుంది. దానితో ఒక పెద్ద మేలు జరిగింది. ప్రోగ్రాం ఆగిపోయినప్పుడు తప్పు రాసిన మనిషిదా, పనిముట్టుదా అన్న సంగతి ఊహలతో కాకుండా రుజువుతో చెప్పగలిగారు. కంపెనీలు కూడా తమ కంపైలర్లను దిద్దుకోవలసి వచ్చింది. క్రమంగా అవి ఒకదానికొకటి దగ్గరయ్యాయి. తరువాత 1980లలో ఈ పరీక్షల బాధ్యతను అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ చేపట్టింది.

ప్రమాణం అంటే మారనిది అనుకోకండి. కోబాల్‌కు 1968లో ఒక ప్రమాణం వచ్చింది, 1974లో ఇంకొకటి, 1985లో మరొకటి. భాష పెరుగుతుంది. అందుకే ఏ భాష అని అడగడంతో పాటు, ఏ సంవత్సరం నాటిది అని కూడా అడగాలి. గ్రేస్ స్వయంగా మార్పును ఇష్టపడే మనిషి. ఎప్పటి నుంచో ఇలాగే చేస్తున్నాం అనే జవాబు ఆమెకు నచ్చేది కాదు. తన గదిలో వెనక్కి తిరిగే గడియారం ఒకటి పెట్టుకున్నారు. అలవాటైతే దానిలోనూ సమయం చూడవచ్చని వచ్చినవారికి చూపించేవారు. చిన్నప్పుడు విప్పిన గడియారాలు ఇలా మళ్లీ తిరిగి వచ్చాయన్నమాట!

ఆమె ఉపన్యాసాలకు వెళ్లేటప్పుడు సుమారు 30 సెంటీమీటర్ల తీగ ముక్కలు పట్టుకెళ్లి అందరికీ పంచేవారు. నానో సెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు. ఆ కాలంలో కాంతి ప్రయాణించే దూరం ఆ తీగ పొడవు అన్నమాట. కంటికి కనబడని కాలాన్ని చేతిలో పెట్టేవారు. వాసర్ కళాశాలలోని టీచరమ్మ నౌకాదళ దుస్తుల్లో కూడా టీచరమ్మగానే ఉన్నారు.

1973లో కెప్టెన్, 1983లో కమడోర్ అయ్యారు. 1985లో ఆ హోదా పేరు రియర్ అడ్మిరల్‌గా మారింది. ముత్తాత హోదాకు ముని మనవరాలు చేరుకున్నారు. 1986 ఆగస్టు 14న, బోస్టన్ రేవులోని కాన్‌స్టిట్యూషన్ అనే పాత యుద్ధనౌక మీద, 79 ఏళ్ల వయసులో పదవీ విరమణ చేశారు. అప్పుడు కూడా ఇంట్లో కూర్చోలేదు. ఒక కంప్యూటర్ కంపెనీకి సలహాదారుగా చేరి, ఊళ్లు తిరిగి ఉపన్యాసాలు ఇచ్చారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. ఆర్లింగ్టన్‌లోని జాతీయ శ్మశానవాటికలో సైనిక గౌరవాలతో అంత్యక్రియలు జరిగాయి. తరువాత అమెరికా నౌకాదళం ఒక యుద్ధనౌకకు హాపర్ అని పేరు పెట్టింది. 2016లో ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారాలలో ఒకటైన స్వాతంత్ర్య పతకాన్ని ఆమెకు మరణానంతరం ప్రకటించారు.

మన ల్యాబ్‌లో మనం చేయవలసింది

గ్రేస్ హాపర్ జీవితం చదివాక, మీ ప్రోగ్రాం ఆగిపోయినప్పుడు ఏం చేయాలో మీరే చెప్పగలరు. మేము వరుసగా రాసి పెడుతున్నాం, మాస్టారి దగ్గర సరిచూపించి మరీ.

1. ముందుగా ఏమీ చెరపకండి. ఉన్నది ఉన్నట్టుగా ఒక నకలు దాచుకోండి.

2. తెర మీద వచ్చిన సందేశాన్ని చివరిదాకా చదవండి. ఏ వరుస దగ్గర ఆగిందో రాసుకోండి. ఎక్కువ తప్పులు కనబడితే మొట్టమొదటిది చూడండి. మిగతావి చాలాసార్లు దాని వెంట వచ్చినవే అయి ఉంటాయి.

3. నడిచినచోట ఉన్న వెర్షన్ ఎంత, నడవనిచోట ఉన్న వెర్షన్ ఎంత అని చూడండి. పైథాన్ ఒక్కటే కాదు, దానితో మీరు వాడిన లైబ్రరీల వెర్షన్లు కూడా.

4. రెండు వరుసల చిన్న ప్రోగ్రాం ఒకటి రాసి, అనుమానం ఉన్న వాక్యాన్ని అందులో విడిగా పరీక్షించండి. తప్పు మీదో పనిముట్టుదో తేలుతుంది.

5. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ఏడు గడియారాలూ ఒకేసారి విప్పవద్దు.

6. దొరికిన జవాబును తేదీతో సహా నోటు పుస్తకంలో రాయండి. ప్రోగ్రాం మొదటి వరుసలో, ఇది ఏ వెర్షన్‌లో రాసిందో ఒక వ్యాఖ్యగా పెట్టండి. మీ తరువాత వచ్చేవారికి అది దారి చూపిస్తుంది.

ఇక మా పైథాన్ అబ్బాయి సంగతి. పెన్‌డ్రైవ్‌లో అసలు ప్రోగ్రాం భద్రంగానే ఉంది. చెడిపోయింది ల్యాబ్ కంప్యూటర్‌లోని నకలు మాత్రమే. మ్యాచ్ వాక్యం స్థానంలో పాత పైథాన్‌కు తెలిసిన ఇఫ్, ఎలిఫ్ వాక్యాలు పెట్టేసరికి పది నిమిషాల్లో నడిచింది. ముందురోజు నవ్విన పిల్లలే చుట్టూ చేరి టికెట్టు ధరలు లెక్కగట్టించుకున్నారు. వాడు సబ్జెక్టు మార్చుకోలేదు.

పిల్లలూ, మేమూ మీలాగే ఊరూరూ తిరిగినవాళ్లమే. కొత్త బడిలో మొదటి వారం ఏం మాట్లాడినా ఎదుటివారికి అర్థం కానట్టు, నిన్నటిదాకా వచ్చిన చదువు ఇవాళ రానట్టు అనిపిస్తుంది. మనలోనే ఏదో లోపం ఉందనుకుంటాం. అటువంటి రోజున గ్రేస్ హాపర్‌ను తలచుకోండి. తప్పు నాదే అని అనుకోకముందు, అక్కడ ఏముంది, ఇక్కడ ఏముంది అని నెమ్మదిగా పోల్చి చూడండి. తేడా దొరుకుతుంది. దొరికాక దిద్దుకోవడం అంత కష్టం కాదు. మీరు నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.